బంతి లాక్కున్న చేతులే పాస్ ఇచ్చాయి: జ్రూ హాలిడే ఆట రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ రోజు మ్యాచ్ మొత్తం చెప్పను. ఒక మ్యాచ్ చివర్లో జరిగిన కొన్ని సెకన్ల ఆటను మాత్రం విప్పి చూపిస్తాను.

2021 జూలై 17, ఫీనిక్స్ నగరం. మనకు అప్పటికి ఆదివారం ఉదయం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్‌లో ఐదో మ్యాచ్. ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టే చాంపియన్. ఫీనిక్స్ సన్స్, మిల్వాకీ బక్స్ చెరి రెండు మ్యాచ్‌లు గెలిచి ఉన్నాయి. స్కోరు 120-119, బక్స్‌ది ఒక్క పాయింటు ఆధిక్యం. బంతి మాత్రం సన్స్ చేతిలో ఉంది. అదీ డెవిన్ బుకర్ చేతిలో. ఆ రోజు అతను 40 పాయింట్లు కొట్టాడు. ఇంకొక్క బుట్ట పడితే మ్యాచ్ తిరగబడుతుంది.

ఇక్కడ ఆపుతున్నాను, చూడండి. బుకర్ రింగ్ వైపు దూసుకొచ్చాడు. బక్స్ ఆటగాడు పీజే టకర్ గోడలా అడ్డం నిలబడ్డాడు. దారి లేక బుకర్ వెనక్కి తిరిగాడు. తిరిగిన చోట బక్స్ గార్డ్ జ్రూ హాలిడే ఉన్నాడు. బంతిని తట్టి కింద పడేయడం కాదు ఇది. బుకర్ రెండు చేతుల్లో ఉన్న బంతిని అమాంతం లాగేసుకున్నాడు. ఫౌల్ లేదు, విజిల్ లేదు.

చాలామంది ఈ దొంగతనం దగ్గరే ఆగిపోతారు. నాకు అంతకంటే విలువైనది ఆ తర్వాతి క్షణం. ఒక పాయింటు ముందున్న జట్టు ఆటగాడు అప్పుడు ఏం చేయాలి? బంతిని దాచుకుని, ఫౌల్ చేయించుకుని, ఫ్రీ త్రోలకు (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లకు) వెళ్లాలి. ఏ కోచ్ అయినా నేర్పే పాఠం అదే. కానీ హాలిడే తల పైకెత్తి ముందుకు చూశాడు. ఒక పక్కన బక్స్ తార యానిస్ అడెటోకుంబో వేలు పైకి చూపిస్తూ పరుగెత్తుతున్నాడు. మధ్యలో సన్స్ ఆటగాడు క్రిస్ పాల్ ఒక్కడే. హాలిడే బంతిని గాల్లోకి విసిరాడు. యానిస్ గాల్లోనే అందుకుని రింగ్‌లో గుద్దాడు, పాల్ ఫౌల్ కూడా చేశాడు. 122-119. గడియారంలో 13.5 సెకన్లు. చివరికి బక్స్ 123-119తో గెలిచింది.

బంతి లాక్కున్నది డిఫెన్స్, పాస్ ఇచ్చింది ఆఫెన్స్ అని స్కోరు పట్టికలో రెండు గడుల్లో రాస్తారు. కోర్టులో అవి రెండూ ఒక్క ఊపిరిలో జరిగాయి. రెండు వైపులా ఆడగలవాడి అసలు విలువ ఆ ఒక్క ఊపిరిలోనే ఉందని నేను నమ్ముతాను.

క్రికెట్‌తో పోల్చి చెబితే సులువుగా అర్థమవుతుంది. క్రికెట్‌లో బ్యాటింగ్ రాని బౌలర్‌ను పదకొండో స్థానంలో పంపవచ్చు. బౌలింగ్ రానివాడికి బంతి ఇవ్వకుండా ఉండవచ్చు. బాస్కెట్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. కోర్టులో ఉండేది ఐదుగురే. ప్రతి దాడికీ గడువు 24 సెకన్లు, ఆ వెంటనే అటువైపు పరుగెత్తి కాచుకోవాలి. డిఫెన్స్‌లో బలహీనుడు ఒక్కడున్నా ఎదుటి జట్టు పసిగడుతుంది. స్క్రీన్ పెట్టి (కాచేవాడి దారికి అడ్డం నిలబడి), స్విచ్ చేయించి (కాచేవాళ్లు తమ మనుషులను మార్చుకునేలా చేసి), తమ మేటి స్కోరర్‌ను సరిగ్గా ఆ బలహీనుడి ముందుకే తెచ్చి నిలబెడుతుంది. మళ్లీ మళ్లీ అదే చేస్తుంది. ఇక షూటింగ్ రాని డిఫెండర్ ఉంటే అతన్ని కాచేవాడు అతన్ని వదిలేసి రింగ్ దగ్గర కాపలా కాస్తాడు. అప్పుడు మిగిలిన నలుగురికీ దారి మూసుకుపోతుంది. అందుకే చివరి ఐదు నిమిషాల్లో కోచ్‌లు ఎంత గొప్ప స్కోరర్‌నైనా, ఎంత గట్టి డిఫెండర్‌నైనా బెంచీ మీదకు పిలిపించుకోవలసి వస్తుంది. హాలిడేను పిలవనవసరం లేదు.

దానికి రుజువు అంతకు ముందు మ్యాచ్. నాలుగో మ్యాచ్‌లో హాలిడే 20 షాట్లు వేస్తే పడినవి నాలుగే. కేవలం స్కోరర్ అయితే ఆ రోజు అతను జట్టుకు భారమే. కానీ క్రిస్ పాల్‌ను చూడండి. తరానికే మేటి పాయింట్ గార్డ్ (జట్టు ఆటను నడిపించేవాడు), అంత జాగ్రత్త గల మనిషి, ఆ మ్యాచ్‌లో ఐదుసార్లు బంతి పోగొట్టుకున్నాడు, పది పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. కోర్టు ఆ చివర నుంచి ఈ చివర దాకా హాలిడే అతన్ని వదల్లేదు. ఆ మ్యాచ్ బక్స్ 109-103తో గెలిచింది. మూడు రోజుల తర్వాత ఐదో మ్యాచ్‌లో అదే హాలిడే 20 షాట్లు వేస్తే 12 పడ్డాయి. 27 పాయింట్లు, 13 అసిస్టులు (బుట్టకు దారితీసిన పాస్‌లు). షాట్లు ఒకరోజు పడతాయి, ఒకరోజు పడవు. కాళ్లు, చేతులు, కళ్లు పెట్టే శ్రమ రోజూ పనికొస్తుంది.

ఇంకొక మాట. మంచి డిఫెన్స్ చాలావరకు లెక్కల్లోకి రాదు. ఎదుటివాడు అతన్ని చూసి షాట్ మానుకుని పక్కకు పాస్ ఇస్తే దాన్ని ఏ గడిలో రాస్తారు? బంతి అవతలి సగానికి చేరడానికి గడువున్న ఎనిమిది సెకన్లలో ఆరేడు ఖర్చయితే ఎవరి ఖాతాలో వేస్తారు? అందుకేనేమో హాలిడే 2013లో ఒకసారి ఆల్ స్టార్ (ఏటా మేటి ఆటగాళ్లను ఎంచి ఆడించే మ్యాచ్‌కు ఎంపికైనవాడు) అయ్యాక, మళ్లీ 2023 దాకా ఆ పిలుపు రాలేదు. ఆ మధ్యలోనే సీజన్ మేటి డిఫెండర్లను ఎంచే ఆల్ డిఫెన్సివ్ జట్లలో చోటు సంపాదించాడు, చాంపియన్ అయ్యాడు. ఈ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అతని విలువ సరిగ్గా కట్టినవాళ్లు లేకపోలేదు. 2020లో బక్స్ అతని కోసం ఎరిక్ బ్లెడ్సో, జార్జ్ హిల్ అనే ఇద్దరు ఆటగాళ్లతో పాటు మూడు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కులు (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కులు) ఇచ్చింది. అంత ధరా అని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. 2021 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో యానిస్ 50 పాయింట్లతో బక్స్ ట్రోఫీ ఎత్తింది, 1971 తర్వాత మొదటిసారి. 2023లో హాలిడే బోస్టన్ సెల్టిక్స్‌కు వెళ్లాడు, 2024లో వాళ్లూ చాంపియన్లయ్యారు.

పెద్ద తారల్లోనూ ఇలాంటివాళ్లున్నారు. 2019లో మిల్వాకీతో సిరీస్‌లో 0-2తో వెనకబడ్డాక టొరంటోకు చెందిన కవాయ్ లెనర్డ్ యానిస్‌ను కాచే పని నెత్తికెత్తుకున్నాడు, తర్వాతి నాలుగు మ్యాచ్‌లూ టొరంటోవే. హకీమ్ ఒలాజువాన్ 1994లో ఒకే సీజన్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), ఉత్తమ డిఫెండర్, ఫైనల్స్ ఎంవీపీ మూడూ అందుకున్నాడు. వాళ్ల గురించి వేరే వీడియో చేస్తాను. తారగా వెలగకుండా కూడా ఇంత విలువ ఉండవచ్చని హాలిడే చూపించాడు. అందుకే ఈ రోజు అతన్నే ఎంచుకున్నాను.

ఫైనల్స్ ముగిసిన కొద్ది రోజులకే టోక్యో ఒలింపిక్స్. అమెరికా జట్టు కోసం హాలిడే, బక్స్‌లో అతని సహచరుడు క్రిస్ మిడిల్టన్, వాళ్లతో పాటు బుకర్ కూడా ఒకే విమానంలో బయల్దేరారు. ఫ్రాన్స్‌తో మొదటి మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు దిగారు. నిద్ర కూడా సరిగా లేని హాలిడే బెంచీ మీద నుంచి వచ్చి 18 పాయింట్లు చేశాడు. ఆ మ్యాచ్ అమెరికా ఓడింది. ఆగస్టు 7న అదే ఫ్రాన్స్‌ను 87-82తో ఓడించి స్వర్ణం గెలిచింది. బంతి పోగొట్టుకున్నవాడు, లాక్కున్నవాడు ఒకే జట్టుగా పతకాలు అందుకున్నారు.