పొంచి కాల్చేవాడు వీరుడా, పిరికివాడా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

(2015 జనవరి. అమెరికా నేవీ సీల్ (నౌకాదళ ప్రత్యేక దళం) స్నైపర్ క్రిస్ కైల్ జీవితం మీద తీసిన సినిమా థియేటర్లు నింపుతున్న రోజులు. అదే సమయంలో దర్శకుడు మైకేల్ మూర్, స్నైపర్లు పిరికివాళ్లనీ వీపు మీద కాలుస్తారనీ తమకు నేర్పారని, దురాక్రమణదారులు అంతకన్నా అధ్వానమని ట్విట్టర్‌లో రాయడంతో గొడవ రాజుకుంది. చర్చలో పాల్గొన్నవారు: స్నైపర్ శిక్షణలో పనిచేసిన విశ్రాంత మేజర్, యుద్ధ చరిత్ర చెప్పే ప్రొఫెసర్, యుద్ధ చట్టాల న్యాయవాది. మాట మీద మాట పడినచోట అలాగే ఉంచాం. న్యాయవాది వాక్యాలు చాలాచోట్ల సగంలో ఆగిపోయాయి. మేం కత్తిరించలేదు, చర్చ అలాగే నడిచింది.)

మోడరేటర్: నమస్కారం. నేరుగా ప్రశ్నలోకి వెళ్దాం. ముప్పాతిక కిలోమీటరు అవతల పొదలో పడుకుని, అటువాడు బూటు లేసు కట్టుకుంటుండగా కాల్చి చంపితే దాన్ని వీరత్వం అనాలా? నేనైతే వెన్నుపోటు అంటాను. మేజర్ గారూ?

మేజర్: ఒప్పుకోను. ముందు ఆ పొద గురించి మాట్లాడుకుందాం. స్నైపర్ మామూలుగా ఇద్దరి జట్టుగా వెళ్తాడు. ఒకరిది రైఫిల్, రెండోవాడు స్పాటర్. స్పాటర్ దగ్గర పెద్ద స్కోపు, రేడియో, దగ్గరి పోరాటం వస్తే కాచుకోవడానికి ఒక ఆటోమేటిక్ రైఫిల్ ఉంటాయి. పక్కన ప్లటూన్ ఉండదు. చివరి కొన్ని వందల మీటర్లు పొట్ట మీద పాకాలి. గిల్లీ సూటంటే వలకు కట్టిన గోనె పీచు. దానికి అక్కడి గడ్డీ ఆకులూ గుచ్చుకోవాలి. తెంపిన ఆకు కొన్ని గంటల్లో వాడిపోతుంది. మార్చకపోతే పచ్చటి గట్టు మీద మీ పొద ఒక్కటే ఎండిపోయి కనబడుతుంది. అవతల బైనాక్యులర్ పట్టుకున్నవాడికి అంతకన్నా ఏం కావాలి?

న్యాయవాది: మేజర్ గారూ, మీరు చెప్పేదంతా నైపుణ్యం. నైపుణ్యం వేరు, ధైర్యం—

మేజర్: దానికే వస్తున్నానండీ. గుండు వదిలిన క్షణం నుంచి వాణ్ణే వెతుకుతారు. 7.62 గుండు 600 మీటర్లు పోవడానికి సుమారు ఒక సెకను. పేలుడు శబ్దం అంత దూరం రావడానికి 1.7 సెకన్లకు పైనే. అవతలివాళ్లకు ముందు గుండు చీల్చుకెళ్లే చిటపట, తర్వాత తుపాకీ ధ్వని వినిపిస్తాయి. ఆ రెంటి మధ్య ఎడం బట్టి అనుభవమున్న సైనికుడు దూరం అంచనా కట్టేస్తాడు. దిక్కు రెండో ధ్వనిని బట్టి. ఆ తర్వాత మోర్టారు పడుతుంది. ఇప్పుడు మైక్రోఫోన్ల వరసతో ఈ లెక్కను వాహనం మీది యంత్రమే చేసేస్తోంది. అప్పుడు ఆ పొదలో ఉన్నది ఇద్దరే. లేచి పరిగెత్తితే కనబడతారు. పడుకుంటే మోర్టారు.

మోడరేటర్: సరే, ప్రమాదం ఉంది. కానీ చనిపోయేవాడికి అవకాశమే లేదు కదా. రాముడు వాలిని చెట్టు చాటు నుంచి కొట్టాడన్న ప్రశ్న ఇన్ని తరాలుగా మనల్ని వదల్లేదు. ఇదీ వెన్నుపోటే కదా? ప్రొఫెసర్ గారూ, చరిత్ర ఏమంటుంది?

ప్రొఫెసర్: ఈ అసహ్యం తుపాకీ కన్నా పాతది. 1139లో రెండో లాటరన్ సభ అనే చర్చి పెద్దల సమావేశం, క్రైస్తవుల మీద క్రాస్‌బో, విల్లు వాడకూడదని నిషేధం పెట్టింది. ఎవరూ పాటించలేదు. 1199లో ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ క్రాస్‌బో గాయంతోనే పోయాడు. దూరం నుంచి, తక్కువ కులీనుడు ఎక్కువ కులీనుణ్ణి చంపగలగడమే అప్పటి ప్రభువులకు కంటగింపు. ‘పిరికితనం’ అన్న నింద చాలాసార్లు పైవర్గం నుంచే వచ్చింది. 1777లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రాండీవైన్ దగ్గర బ్రిటిష్ అధికారి పాట్రిక్ ఫెర్గూసన్‌కు ఒక అమెరికన్ అధికారి తుపాకీకి అందేంత దగ్గరలో దొరికాడు. అతను వీపు తిప్పి వెళ్తుంటే కాల్చడం తనకు రుచించలేదని ఫెర్గూసన్ తర్వాత రాశాడు.

మోడరేటర్: చూశారా! వీపు! సైనికుడికే మనసొప్పలేదు.

ప్రొఫెసర్: అదే ఏడాది సరటోగాలో అమెరికన్ల వైపు గురికాళ్లు బ్రిటిష్ జనరల్ సైమన్ ఫ్రేజర్‌ను కొట్టారు. అక్కడ ఎవరూ సంకోచించలేదు. రెండూ చెప్పాలి.

న్యాయవాది: చట్టం సంగతి ఒకసారి చూద్దాం. వెన్నుపోటు అనే మాట ఇక్కడ గందరగోళం చేస్తోంది. 1907 హేగ్ నిబంధనలు శత్రువును ఏమార్చే యుద్ధ తంత్రాలను అనుమతించాయి. జెనీవా ఒప్పందాల 1977 మొదటి అదనపు ప్రోటోకాల్ 37వ అధికరణం నిషేధించింది ద్రోహాన్ని. లొంగిపోతున్నట్టో, గాయపడ్డట్టో, పౌరుడిలానో నటించి, ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని చంపడాన్ని. గడ్డి కప్పుకుని పడుకోవడం అందులోకి రాదు. పారిపోతున్న సైనికుడు, నిద్రపోతున్న సైనికుడు కూడా లొంగిపోనంతవరకూ చట్టబద్ధమైన లక్ష్యమే. కాబట్టి వీపా, ఛాతీయా అన్నది చట్టానికి పట్టదు. చట్టానికి పట్టేది ఎవరిని—

మేజర్: చెప్పారుగా! లాయరు గారే చెప్పారు! చట్టబద్ధం!

న్యాయవాది: చట్టబద్ధం అన్నాను. వీరత్వం అనలేదు.

మోడరేటర్: చట్టబద్ధమైన వెన్నుపోటు అనుకోవచ్చా?

న్యాయవాది: అలా అనకండి. అది—

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు.)

మేజర్: ఒక్క నిమిషం. ఒక్క నిమిషం నన్ను చెప్పనివ్వండి. చూసేవాళ్లకు ట్రిగ్గరు నొక్కితే మనిషి పడిపోతాడన్న భ్రమ ఉంది. స్కోపులో మిల్ గీతలుంటాయి, అంటే కోణం కొలిచే గీతలు. వస్తువు ఎత్తును మీటర్లలో తీసుకుని వెయ్యితో గుణించి, మిల్స్‌తో భాగిస్తే దూరం వస్తుంది. మనిషి ఎత్తు 1.8 మీటర్లు అనుకున్నారు, స్కోపులో 3 మిల్స్ వచ్చింది. దూరం 600. నిజానికి వాడి ఎత్తు 1.7. అప్పుడు అసలు దూరం 567. ముప్పై మూడు మీటర్ల తేడాకు గుండు ఇరవై సెంటీమీటర్లకు పైగా పైకి పోతుంది. ఛాతీకి పెట్టిన గురి ఛాతీని దాటిపోతుంది. గాలి సంగతికొస్తే, సెకనుకు నాలుగున్నర మీటర్ల అడ్డగాలి 800 మీటర్ల దగ్గర గుండును దాదాపు రెండు మీటర్లు పక్కకు నెడుతుంది. ఇక్కడి గాలీ, మధ్యలో లోయ గాలీ, అక్కడి గాలీ ఒకటి కాదు. స్పాటర్ ఎండమావి అలలు ఎటు వంగుతున్నాయో చూసి చెప్పాలి. ఏటవాలు ఉంటే ఇంకో లెక్క. ముప్పై డిగ్రీల వాలు మీద 600 మీటర్లంటే గుండు పడేది 520 మీటర్లకు సర్దినట్టే. సర్దకపోతే మళ్లీ పైనుంచి పోతుంది. తప్పిన గుండు ఏం చేస్తుంది? మీరు ఉన్న చోటు చెప్పేస్తుంది.

మోడరేటర్: మేజర్ గారూ, సమయం...

మేజర్: ఇంకొక్క మాట. రైఫిల్ మూతి కింద మట్టి పొడిగా ఉంటే పేలుడు ఊపుకు దుమ్ము లేస్తుంది. తడపాలి, లేదా గుడ్డ పరచాలి. ఫిన్లాండ్ స్నైపర్ సిమో హైహా 1939-40 శీతాకాల యుద్ధంలో మూతి ముందు మంచును గట్టిగా నొక్కిపెట్టేవాడు. ఊపిరి ఆవిరి కనబడకుండా నోట్లో మంచు పెట్టుకునేవాడు. స్కోపు లేకుండా ఇనుప గురితోనే కాల్చాడు. స్కోపు పెడితే తల కాస్త ఎత్తాలి, అద్దం మెరుస్తుంది, చలికి మసకబారుతుంది. ఐదు వందలకు పైగా చావులు ఆయన లెక్కలో ఉన్నాయి. చివరికి 1940 మార్చిలో దవడ ఎగిరిపోయింది. పిరికివాడంటారా?

ప్రొఫెసర్: హైహా సొంత నేలను కాపాడుకుంటున్నాడు. మూర్ ట్వీటులో చివరి మాట దురాక్రమణదారుల గురించే. ఆ మాటను అందరూ వదిలేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ స్నైపర్ ల్యుద్‌మిలా పవ్లిచెంకో విషయం కూడా అంతే. ఒడెస్సా, సెవాస్తపోల్‌లో ఆమె లెక్క 309. 1942లో అమెరికా వెళ్తే అక్కడి జనం ఆమెను వీరనారిగా చూశారు. అప్పుడు స్నైపర్ పిరికిదని ఆ దేశంలో ఎవరన్నారు? మనవైపు స్నైపర్ గురికాడు, అటువైపు స్నైపర్ పిరికిపంద. మొదటి ప్రపంచ యుద్ధం తొలిరోజుల్లో జర్మన్ల దగ్గర స్కోపులు ఎక్కువ, బ్రిటిష్‌వాళ్ల దగ్గర తక్కువ. అప్పుడు స్నైపింగ్ నీచంగా కనిపించింది. 1916లో బ్రిటిష్ అధికారి హెస్కెత్-ప్రిచర్డ్ స్నైపింగ్ బడి పెట్టాక అది శాస్త్రమైంది. కాగితపు గుజ్జుతో మనిషి తల చేసి కందకం పైకి ఎత్తేవారు. జర్మన్ గుండు దూసుకెళ్లాక ఆ తలను దించి, ముందు రంధ్రం, వెనక రంధ్రం ఒకే వరసలో పెరిస్కోపుతో చూస్తే గుండు వచ్చిన చోటు దొరికేది—

మోడరేటర్: అద్భుతం. కానీ నా ప్రశ్న...

మేజర్: చూశారా, వాణ్ణీ వేటాడుతున్నారు! నేను చెప్పిందీ అదే. గుండు వదిలాక వాడే లక్ష్యం. పట్టుబడ్డ స్నైపర్‌ను రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ చాలాచోట్ల బందీగా ఉంచలేదు, అక్కడికక్కడే కాల్చేశారు. వెళ్లేవాడికి ఆ సంగతి ముందే తెలుసు.

న్యాయవాది: అలా కాల్చడం యుద్ధ నేరం. అది చెప్పకుండా దాటేస్తే ఎలా? ఇంకోటి, ఇప్పటిదాకా మీరు సైనికుడికీ సైనికుడికీ మధ్య జరిగేదే చెప్పారు. బోస్నియా రాజధాని సరయెవోలో? ముట్టడి 1992లో మొదలైంది. నీళ్ల కోసం డబ్బాలు పట్టుకుని వీధి దాటేవాళ్లను కొండల మీద నుంచీ ఎత్తయిన భవనాల నుంచీ కాల్చారు. స్నైపర్ కాల్పులూ, షెల్లింగూ కలిపి పౌరులను భయభ్రాంతులను చేసిన నేరానికి ముట్టడి వేసిన బోస్నియా సెర్బ్ సైన్యపు జనరల్ స్తానిస్లావ్ గాలిచ్‌ను హేగ్‌లోని యుద్ధ నేరాల ట్రైబ్యునల్ 2003లో దోషిగా తేల్చింది. 2006లో అప్పీలు మీద జీవితఖైదు. ఆ స్కోపుల్లో కూడా మిల్ గీతలు ఉన్నాయి, గాలి లెక్కలు ఉన్నాయి. మేజర్ గారు చెప్పిన నైపుణ్యమంతా వాళ్ల దగ్గరా ఉంది. అందుకే నైపుణ్యంతో వీరత్వాన్ని కొలవలేం. ఎవరిని కాల్చాడన్నదే—

మేజర్: వాళ్లు సైనికులు కారు, హంతకులు! ఆ పేరు మాకు పెట్టకండి!

న్యాయవాది: నేను పెట్టడం లేదు. రైఫిల్ ఒకటే, గురి ఒకటే అంటున్నాను—

మేజర్: స్కోపు ఉన్నవాడు ఎవరో చూసి కాలుస్తాడు. ఫిరంగివాడు చూడడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎక్కువ మంది చచ్చింది ఫిరంగి గుండ్లకే. ఆ ఫిరంగి తాడు లాగినవాణ్ణి పిరికివాడన్నారా? అన్నారా?

మోడరేటర్: మంచి ప్రశ్న. మరి డ్రోన్ పైలట్? వాడు కుర్చీలో కూర్చుంటాడు. అదైతే ఖాయంగా వెన్నుపోటు.

ప్రొఫెసర్: అమెరికా దానితో తంటాలు పడింది. 2013 ఫిబ్రవరిలో రక్షణమంత్రి లియోన్ పనెట్టా డ్రోన్, సైబర్ పనివాళ్లకు ప్రత్యేక పతకం ప్రకటించారు. దాన్ని యుద్ధరంగంలో పనికి ఇచ్చే బ్రాంజ్ స్టార్ పతకం కన్నా పైన పెట్టారు. మాజీ సైనికులు మండిపడ్డారు. తర్వాత వచ్చిన చక్ హేగెల్ ఏప్రిల్‌లో రద్దు చేశారు. పతకానికి శరీరం ప్రమాదంలో ఉండాలని సైన్యమే నమ్ముతోందన్నమాట.

మేజర్: అదే! స్నైపర్ శరీరం ప్రమాదంలో ఉంది. పొదలో ఉంది. 1993 అక్టోబరు 3, సోమాలియా రాజధాని మొగదిషు. గ్యారీ గోర్డన్, రాండల్ షూగార్ట్, ఇద్దరూ డెల్టా అనే అమెరికా ప్రత్యేక దళం స్నైపర్లు. కింద కూలిన హెలికాప్టర్ దగ్గరికి తమను దింపమని అడిగారు. రెండుసార్లు కాదన్నారు. మూడోసారి ఒప్పుకున్నారు. పైలట్‌ను కాపాడుతూ ఇద్దరూ చనిపోయారు. పైలట్ బతికాడు. అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. ఇంకేం కావాలి?

న్యాయవాది: ఇది నా వాదనకే బలం. వాళ్లను మనం తలుచుకుంటున్నది హెలికాప్టర్‌లోంచి కాల్చినందుకు కాదు, కిందికి దిగినందుకు. అంటే ధైర్యం స్నైపింగ్‌లో ఉందని ఈ ఉదాహరణ—

మోడరేటర్: అంటే ఎదురుగా నిలబడ్డప్పుడే ధైర్యం! నేను మొదటి నుంచీ చెప్తున్నది ఇదే!

న్యాయవాది: కాదండీ, నేను అలా—

మేజర్: ఎవడు దిగాడు? స్నైపరే దిగాడు! పిరికివాడైతే మూడోసారి అడుగుతాడా?

ప్రొఫెసర్: మేజర్ గారూ, ఇద్దరి త్యాగంతో మొత్తం వృత్తికి తీర్పివ్వలేం. కైల్‌కు పెంటగాన్, అంటే అమెరికా రక్షణ శాఖ, ధృవీకరించిన లెక్క 160. ఆ అంకె వీరత్వానికి కొలతా? పతకాల చర్చలో మనం—

మేజర్: ఆ అంకె కొలత కాదు. ఆ గుండ్ల వల్ల ఇళ్లకు తిరిగెళ్లిన సైనికులు కొలత. వీధి చివర బాంబు పాతేవాణ్ణి స్నైపర్ ఆపకపోతే ఆ వీధిలో నడిచే గస్తీ దళం మొత్తం పోతుంది. ఆ స్నైపర్ ఎక్కడున్నాడు? ఒంటరి డాబా మీద. చుట్టూ ఎవరు? ఎవరూ లేరు. గుండు వదిలాక వాడే లక్ష్యం.

మోడరేటర్: ఇది మూడోసారి చెప్పారు, కానీ బలమైన మాట. రెండు నిమిషాలే ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఒక్క వాక్యం. లాయరు గారూ, వెన్నుపోటా, కాదా?

న్యాయవాది: ఆ ప్రశ్నే సరైంది కాదు. ఎంత దూరం నుంచి అన్నది కాకుండా, ఎవరిని, ఏ ఆదేశం మీద, లొంగిపోయేందుకు చెయ్యెత్తినప్పుడు ఆగాడా లేదా అన్నది—

మేజర్: ఆగుతాడు! స్కోపులో చేతులు కనబడతాయి! ఫిరంగివాడికి కనబడవు!

మోడరేటర్: ప్రొఫెసర్ గారూ?

ప్రొఫెసర్: పిరికితనం అన్న నింద ఎప్పుడూ అవతలి స్నైపర్ మీదే వేస్తారు. అంతే చెప్పగలను.

మోడరేటర్: మేజర్ గారికి చివరి మాట ఇద్దాం. ఈ రోజు ఎక్కువ వివరాలతో వచ్చింది ఆయనే.

మేజర్: రెండు రోజులు కదలకుండా పడుకుని, ఒక్క గుండు వదిలి, మోర్టార్ల మధ్య పాక్కుంటూ వెనక్కి రావడం పిరికివాడివల్ల కాదు. లాయరు గారు కూడా చట్టబద్ధమన్నారు.

న్యాయవాది: నేనన్నది అందులో సగమే. చట్టబద్ధం అంటే—

మోడరేటర్: క్షమించండి, సమయం అయిపోయింది. ముగ్గురికీ ధన్యవాదాలు. విరామం తర్వాత వార్తలు.