మొక్కలావిడని ఆఖర్న పిలుస్తారు

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం, ఒక్కొక్కరి పేరూ చెప్తూ కూర్చుంటే నాకిచ్చిన టైం అక్కడే అయిపోతుంది, ఏమీ అనుకోకండి. "ల్యాండ్‌స్కేప్ స్టూడియో నడపడం ఎలా" అని టాపిక్ ఇచ్చారు. ఒకటో తారీకుకి జీతాలు సర్దడం ఎలా అని ఇచ్చుంటే ఇంకా బాగుండేది! బిల్డర్ డబ్బులన్నీ స్ట్రక్చర్‌కీ ఎలివేషన్‌కీ అయిపోయాక అప్పుడు మనం గుర్తొస్తాం, "మొక్కలావిడని పిలవండి" అంటారు.

టాపిక్ సంగతి తర్వాత, ముందు ఈ ఆఖర్న పిలవడం గురించి చెప్పనివ్వండి. గచ్చిబౌలి వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంట్, పేరొద్దులెండి. మేం వెళ్లేసరికి ఈ కాంపౌండ్ వాల్ నుంచి ఆ కాంపౌండ్ వాల్ దాకా సెల్లార్ స్లాబే, తవ్వినప్పుడొచ్చిన మంచి పైమట్టంతా లారీల్లో ఎటో పోయింది. స్లాబ్ మీద అడుగు లోతు వదిలి "ఇక్కడ పెద్ద పెద్ద వేపచెట్లు రావాలి మేడమ్, బ్రోచర్‌లో వేసేశాం" అన్నారు. అడుగు మట్టిలో లాన్ వస్తుందండీ, చెట్టుకి నాలుగడుగులన్నా కావాలి, నాలుగడుగుల మట్టి తడిస్తే చదరపు మీటరుకి రెండు టన్నులకి పైనే బరువు. ఆ లెక్క స్లాబ్ పోయకముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చెప్పాలి, పోశాక ఎవరికి చెప్తే ఏం లాభం?

నేను కాదంటే ఇంకో కాంట్రాక్టర్‌తో కడియం నుంచి లారీ తెప్పించి నాటేశారు. వానాకాలం దాటాక ఆకులు పసుపురంగుకి తిరుగుతున్నాయని అసోసియేషన్ వాళ్లు నాకు ఫోన్. వెళ్లి తవ్విస్తే నర్సరీ నల్ల కవర్ వేర్లకి అలాగే ఉంది, కవర్ కూడా తియ్యలేదండీ! లోపల వేర్లు చుట్టలు చుట్టుకుని, కింద టైల్ ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు. మా మాలి ఒక్క మాటా అనలేదు, కవర్ చింపి పక్కన పడేశాడంతే.

అందుకే మా స్టూడియోలో కొత్తగా చేరినవాళ్లని ముందు మొక్క నాటే గుంట దగ్గరికి పంపుతాను, కంప్యూటర్లో ప్లాన్లు గీసే క్యాడ్ తర్వాత. క్యాడ్‌లో మీరు పెట్టే ఆ ఆకుపచ్చ సర్కిల్ పదిహేనేళ్ల తర్వాతి చెట్టు, నాటిన రోజు అది కర్రపుల్ల. ఢిల్లీలో సుందర్ నర్సరీ అనే పార్కు చూశారా? చూడకపోతే వెళ్లండి, డిజైన్ చేసిన మహమ్మద్ షహీర్ గారు 2015లో పోయారు, పార్కు జనానికి తెరిచింది 2018లో. మన పనిలో హ్యాండోవర్ రోజు ఫొటోలకి విలువ లేదు, కానీ ఫీజు మాత్రం ఆ ఫొటోలు చూసే ఇస్తారు, అదీ మిగిలితే.

భోజనాలకి లేటవుతోందని సార్ సైగ చేస్తున్నారు, ఒక్క నిమిషం సార్. ఆర్కిటెక్చర్ ఐదో సంవత్సరం పిల్లలూ, మీ థీసిస్ షీట్‌లో సెల్లార్ లైన్ ఎక్కడిదాకా గీశారు? సైట్ అంతా గీసుంటే ఒక మూలైనా వెనక్కి జరపండి, చెట్టుకి అసలు నేల మిగులుతుంది, పార్కింగ్ రెండు కార్లు తగ్గుతుంది, తగ్గనీండి, జ్యూరీలో అడిగితే నా పేరు చెప్పండి. ఫోన్లలో షీట్లు ఉంటాయిగా, ప్లేట్లు పట్టుకుని నా దగ్గరికే రండి, చూస్తాను.