పసుపు తీగ, ఎరుపు తీగ

శ్రోతలకు నమస్కారం. పాత కారులో కొత్త స్టీరియో పెట్టించుకుందామనుకునే వారికి ఈ పూట ముఖ్యంగా రెండు తీగల గురించి చెబుతాను. ఒకటి పసుపు, ఒకటి ఎరుపు.

మారుతి 800 మీకు గుర్తుండే ఉంటుంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 దాకా తయారైన కారు. ఇప్పటికీ దాన్ని వదులుకోలేని వాళ్లున్నారు. మా బంధువుల్లో ఒకాయన అంతే. ఆయన పాత క్యాసెట్ ప్లేయరు తీయించి, ఫోనులోని పాటలు కూడా వినిపించే సెట్టు కొన్నారు. దాన్ని పట్టించడం కష్టం కాలేదు. ఈ రకం సెట్ల ముందుభాగం 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఆ కొలత దశాబ్దాలుగా మారలేదు.

పాట చక్కగా వచ్చింది. రెండు రోజులు కారు కదపలేదు. మూడోనాడు తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ ఛార్జింగ్ చేయించారు, మళ్లీ అదే తంతు. కొత్త బ్యాటరీ కొనడానికి కూడా సిద్ధపడ్డారు. చివరికి అనుభవమున్న ఎలక్ట్రీషియన్ ఒకాయన సెట్టు బయటికి లాగి చూశారు. పసుపు, ఎరుపు తీగలు రెండింటినీ మెలిపెట్టి, టేపు చుట్టి, నేరుగా బ్యాటరీ తీగకే కలిపేసి ఉన్నాయి!

పసుపు తీగకు ఎప్పుడూ కరెంటు ఉండాలి. గడియారం, మనం ఎంచుకున్న స్టేషన్లు చెరిగిపోకుండా ఉండేది దానివల్లే. ఎరుపు తీగకు తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు రావాలి. సెట్టును లేపేదీ, నిద్రపుచ్చేదీ అదే. రెండూ కలిపేస్తే తాళం తీసినా సెట్టు మేలుకునే ఉంటుంది. ఆగకుండా అర ఆంపియర్ కరెంటు లాగినా, రెండు రోజులకు 24 ఆంపియర్ అవర్లు. చిన్న కారు బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 35 దరిదాపుల్లో ఉంటుంది. ఇక ఇంజను ఎలా లేస్తుంది?

అందుకే మళ్లీ చెబుతున్నాను: పసుపుకు ఎప్పుడూ, ఎరుపుకు తాళంతోనే. అయితే ఈ రంగులు కొత్త సెట్టు తీగలవి. కారు లోపలి తీగల రంగులను బట్టి కలపనివ్వకండి. ఒక్కొక్క తీగకూ టెస్ట్ ల్యాంపు పెట్టి చూడమనండి. తాళం తిప్పితే వెలిగి, తీస్తే ఆరిపోయే తీగకే ఎరుపు కలపాలి. ఏది ఏదో తేలాక, బ్యాటరీ నెగెటివ్ ఊడదీసి అప్పుడు కలపమనండి. పాత సెట్టు కనెక్టరును మాత్రం కోయనివ్వకండి. దానికి సరిపోయే జోడు కనెక్టరు దొరికితే ఆ నాలుగు డబ్బులూ పెట్టడమే మేలని నా అభిప్రాయం.

స్పీకర్ల మాట ఒక్కటి మిగిలింది. కొన్ని పాత కార్లలో స్పీకరు రెండో కొసను కారు బాడీకే కలిపేవారు. ఇప్పటి సెట్లకు అది పనికిరాదు, లోపలి ఆంప్లిఫయరు కాలిపోవచ్చు. మీ కారులో అలా ఉంటే, ఒక్కో స్పీకరుకూ సెట్టు నుంచి విడిగా రెండేసి తీగలు లాగించండి.