ముందు పడటం నేర్పే చోట చేరండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఈ సెంటర్ నడుపుతున్న మాస్టారికి, ఎదురుగా తెల్ల డ్రెస్సుల్లో బుద్ధిగా కూర్చున్న పిల్లలకు, వాళ్లని తీసుకొచ్చిన అమ్మానాన్నలకు... పేరుపేరునా చెప్పాలి గానీ నాకు ఇచ్చిన టైం తక్కువ, కాబట్టి అందరికీ కలిపి ఒకే దణ్ణం. మార్షల్ ఆర్ట్స్ స్కూలు ఎలా ఎంచుకోవాలి, చేరాక ఎలా సాధన చేయాలి, ఈ రెండింటి గురించి మాట్లాడమన్నారు. రెండోదానికి ఎంత టైం మిగులుతుందో తెలీదు, ఎందుకంటే మొదటిదాంట్లో నేను ఎన్నాళ్లుగానో చెప్పాలనుకుంటున్న మాట ఒకటుంది.

నేను జూడో నేర్పుతాను. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు దాదాపు అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. కరాటే మంచిదా, తైక్వాండోనా, జూడోనా? బ్లాక్ బెల్ట్ ఎన్నేళ్లకి వస్తుంది?

మొదటిదానికి జవాబు చిన్నదే. తైక్వాండోలో కాళ్లకి పని ఎక్కువ, కరాటేలో చేతులూ కాళ్లూ రెండూ, జూడోలో పట్టుకుని పడెయ్యడం, బ్రెజిలియన్ జియు జిట్సులో నేల మీద పట్లు. మీ పిల్లకి ఏది చూస్తే ఉత్సాహం వస్తే అందులో వెయ్యండి. వారంలో రెండు మూడు రోజులు తీసుకెళ్లి తీసుకురావాల్సింది మీరే కాబట్టి దూరం కూడా చూసుకోండి. ఏ విద్య అన్నదాని కంటే ఎవరు నేర్పుతున్నారన్నదే ముఖ్యం, జూడో నేర్పే నేనే ఈ మాట చెబుతున్నాను.

ఇక బెల్టు. జూడోని మొదలుపెట్టిన జిగోరో కానో 1883లో తన శిష్యుల్లో ఇద్దరికి మొదటి డాన్, అంటే ఇప్పటి బ్లాక్ బెల్టులో మొదటి మెట్టు, ఇచ్చారు. మధ్యలో ఈ పసుపు, ఆరెంజ్, ఆకుపచ్చ రంగులన్నీ తర్వాత, 1930ల్లో యూరప్‌లో జూడో పెరుగుతున్నప్పుడు బాగా వాడుకలోకి వచ్చాయి. చిన్న చిన్న మెట్లుంటే నేర్చుకునేవాళ్లు నిలబడతారని. మంచి ఆలోచనే, తప్పు పట్టను. కానీ ఇప్పుడు కొన్నిచోట్ల ఆ మెట్లే అమ్ముడుపోతున్నాయి. ఒక్క ఉదాహరణ చెబుతాను. జియు జిట్సులో అంతర్జాతీయ ఫెడరేషన్ నియమాల ప్రకారం పెద్దవాళ్లు మామూలుగా బ్లూ బెల్టులో కనీసం 2 ఏళ్లు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఒక ఏడాది ఉండాలి, 19 ఏళ్లు రాకుండా బ్లాక్ బెల్ట్ లేనే లేదు. ఇదీ కనీసం మాత్రమే, చాలామందికి పదేళ్ల దాకా పడుతుంది. అలాంటిది ఏడాదిన్నరలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ అని ఎవరైనా మాటిస్తే అక్కడ్నుంచి లేచి వచ్చెయ్యండి.

ఇప్పుడు అసలు విషయం.

నాకు తెలిసిన ఒక పిల్లాడు, మూడో తరగతో నాలుగో తరగతో అప్పటికి, ఒకచోట చేరాడు. పేరు చెప్పను. తలుపులు మూసి క్లాసు చెప్పేవాళ్లు, తల్లిదండ్రులు బయట కూర్చోవాలి, లోపలికి వస్తే పిల్లల ఏకాగ్రత పోతుందని. వార్షికోత్సవం దగ్గరపడింది, డెమో కావాలి. పెద్ద పిల్లాడు చిన్న పిల్లాడిని ఎత్తి పడేస్తే చూసేవాళ్లు చప్పట్లు కొడతారు కదా. వీడు సన్నగా, తేలిగ్గా ఉంటాడు, వీణ్ణి ఎంచుకున్నారు. వీడికి కిక్కులు నేర్పారు, పంచ్‌లు నేర్పారు, అరుస్తూ పంచ్ కొట్టడం నేర్పారు, పడటం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఎత్తి పడేస్తే ఎవరైనా ఏం చేస్తారు? చెయ్యి చాపి నేలకి ఆనిస్తారు. వీడూ అదే చేశాడు. మోచెయ్యి దగ్గర ఎముక విరిగింది. ఏడుస్తుంటే ఆ మాస్టర్ "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అని లైన్లో నిలబెట్టాడు. క్లాసు అయ్యేదాకా నిలబెట్టాడు! బయట కుర్చీలో కూర్చున్న వాళ్లమ్మకి తలుపు తీశాకే తెలిసింది.

చెయ్యి అతుక్కుంది, పిల్లలకి తొందరగానే అతుక్కుంటుంది. తర్వాత ఆవిడ వాణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చింది. వాడు మ్యాట్ అంచున కూర్చుని మిగతా పిల్లల్ని చూసేవాడు, పిలిస్తే తల అడ్డంగా ఊపేవాడు. నేను బలవంతం చెయ్యలేదు. కొన్నాళ్లకి రావడం మానేశాడు. ఎముక గురించి నాకు అంత బాధ లేదు, మ్యాట్ అంటే ఇష్టం ఉన్న పిల్లాడు మ్యాట్ ఎక్కలేకపోవడం చూశానే, అది తలుచుకుంటే ఇప్పటికీ కోపంగానే ఉంది. ఆ సెంటర్ ఇంకా నడుస్తోంది. ఇంకా తలుపులు మూసే చెబుతున్నారు.

పడటం నేర్పడం ఏమంత కష్టం కాదండీ. జూడోలో దాన్ని ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనకభాగం నేలకి తగలకూడదు, చెయ్యి ఒంటికి కాస్త ఎడంగా పెట్టి అరచేతి నుంచి మోచేతి దాకా మొత్తంగా మ్యాట్‌ని కొట్టాలి, ఊపిరి వదలాలి. ముందు పడుకుని, తర్వాత కూర్చుని, తర్వాత గొంతుకూర్చుని, చివరికి నిలబడి. వారాలు పడుతుంది, చూసేవాళ్లకి బోరు కొడుతుంది, వీడియో తీసి పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే కొందరు దాన్ని దాటేస్తారు.

దాటేస్తే ఏమవుతుందో జూడో పుట్టిన దేశమే చూసింది. జపాన్‌లో 1983 నుంచి 2011 దాకా మిడిల్ స్కూళ్లు, హైస్కూళ్లలో జూడో చేస్తూ చనిపోయిన పిల్లలు 100 మందికి పైనే. ఎక్కువమంది తలకి దెబ్బ తగిలి, మెదడు దగ్గర రక్తస్రావమై పోయారు. వాళ్లలో చాలామంది కొత్తగా చేరినవాళ్లు, ఇంకా సరిగ్గా పడటం రానివాళ్లు. 2012లో మిడిల్ స్కూళ్లలో యుద్ధవిద్యలు తప్పనిసరి చేసినప్పుడు దీనిమీద పెద్ద చర్చే జరిగింది. ఆ రోజుల్లో జాగ్రత్తలు పెంచారు, మరణాలు బాగా తగ్గాయి. అంటే తగ్గించడం కుదిరే పనే. ఈ లెక్కలు మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు, నా పిల్లల్ని కూడా నేను జూడోలోనే పెంచాను. మీరు ఏ స్కూలుకి వెళ్లినా అడగాల్సిన మొదటి ప్రశ్న "మొదటి నెలలో ఏం నేర్పుతారు" అన్నదే అని చెప్పడానికి. ఇంకోటి, ఏ విద్య అయినా సరే, తలకి దెబ్బ తగిలి పిల్లాడికి కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, డాక్టరుకి చూపించాలి. "ఏం కాదు, నీళ్లు తాగి రా" అని మళ్లీ స్పారింగ్‌కి, అంటే ఎదురెదురుగా ప్రాక్టీస్ పోటీకి, పంపే మాస్టర్ ఎంత గొప్ప చాంపియన్ అయినా మనకి వద్దు.

కానో గారి కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆయన చిన్నప్పుడు పొట్టిగా, బలహీనంగా ఉండేవారు, తోటివాళ్లు ఏడిపించేవారు. జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్య నేర్చుకుందామంటే ఆ రోజుల్లో గురువులు దొరకడం కష్టం, ఆ విద్యకి కాలం చెల్లిందని అందరూ అనుకుంటున్న సమయం. చాలామంది జుజుత్సు గురువులు ఎముకలు సరిచేసే వైద్యం కూడా చేసేవారని తెలిసి, టోక్యోలో అలాంటి వైద్యుల దుకాణాల్లోకి వెళ్లి "మీకు జుజుత్సు వచ్చా, వచ్చినవాళ్లు తెలుసా" అని అడుగుతూ తిరిగారు. అలా 1877లో ఫుకుదా హచినోసుకే అనే గురువు దొరికారు. నేను మీకు ఇచ్చే సలహా కూడా అదే. మీకు తెలిసిన ఎముకల డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడగండి, ఏ సెంటర్ నుంచి పిల్లలు మీ దగ్గరికి ఎక్కువ వస్తున్నారని. బోర్డు మీద ఎన్ని ట్రోఫీల బొమ్మలున్నాయో చూడటం కంటే అది నయం.

ఆ ఫుకుదా గారు ఎలా నేర్పేవారో తెలుసా? ఒక పట్టు ఎలా వెయ్యాలని కానో అడిగితే, రా అని పిలిచి పడేసేవారు. చెయ్యి ఎక్కడ పెట్టాలి, కాలు ఎలా కదపాలి అంటే మళ్లీ పడేసేవారు. ఎన్నోసార్లు పడితే అదే వస్తుందనేవారు. కానోకి వచ్చింది, నిజమే. కానీ తర్వాత ఆయన 1882లో ఒక గుడిలో 12 చాపల గదిలో సొంత బడి పెట్టినప్పుడు, ఎందుకు, ఎలా అన్నది వివరించి నేర్పే పద్ధతి తెచ్చారు. నూట నలభై ఏళ్ల కిందటే వదిలేసిన పద్ధతిని మన పిల్లల మీద ఇప్పుడెందుకు వాడాలి?

ఒక్క క్లాసు చూడండి, మొదటినుంచి చివరిదాకా, ఫోన్ పక్కన పెట్టి. చూడనివ్వకపోతే అక్కడే నిర్ణయం అయిపోయింది. కొత్తగా వచ్చిన అమ్మాయితో సీనియర్ ఎలా ప్రాక్టీస్ చేస్తున్నాడో చూడండి, మాస్టర్ గుణం సీనియర్లలో కనబడుతుంది. ఎవరైనా ట్యాప్ చేస్తే, అంటే చేత్తో తట్టి ఇక చాలు అంటే, అవతలివాడు ఆ క్షణమే వదులుతున్నాడా? మ్యాట్ తుడుస్తున్నారా, గోళ్లు చూస్తున్నారా? తామర ఉన్న పిల్లల్ని ఆపుతున్నారా? మెతుకు పట్టుకుంటే అన్నం ఉడికిందో లేదో తెలిసినట్టు ఈ నాలుగు చాలు.

నాకు చీటీ వచ్చింది, ముగించమని. సాధన గురించి రెండు మాటలు చెప్పి దిగిపోతాను.

ఒకినావా నుంచి టోక్యోకి 1922లో కరాటేని తీసుకొచ్చిన గిచిన్ ఫునకోషి, తెక్కి అనే మూడు కటాల మీద, అంటే ఒంటరిగా ఒకే వరుసలో చేసే కదలికల మీద, పదేళ్లు గడిపారు. రాత్రిపూట అజాతో అనే తన గురువు ఇంటి పెరట్లో చేస్తూ ఉంటే, గురువు చూసి, మళ్లీ చెయ్యి అనేవారు. అంతే. ఇది ఫుకుదా పద్ధతే కదా అనిపిస్తుంది. కాదు, అజాతో గారు కూర్చుని ప్రతిసారీ చూసేవారు. చూసి చెప్పిన "మళ్లీ"కీ, అటు తిరిగి ఫోన్ మాట్లాడుతూ చెప్పిన "మళ్లీ"కీ చాలా తేడా ఉంది. పిల్లలూ, చూసి చెప్పే మాస్టర్ దొరికితే ఎన్నిసార్లు మళ్లీ అన్నా చెయ్యండి. రెండో మూడో బెల్టు తర్వాత ఏమీ రావడం లేదనిపించే రోజులొస్తాయి, అందరికీ వస్తాయి, ఎక్కువమంది మానేసేది అప్పుడే. ఆ రోజుల్లో కొత్తవి అడక్కండి, పాతదాంట్లో ఒక్క పట్టు తీసుకుని ఇంట్లో పది నిమిషాలు అద్దం ముందు చెయ్యండి. జ్వరం వస్తే రావద్దు, మోకాలు నొప్పి ఉంటే దాచొద్దు. తల్లిదండ్రులూ, మీరు గోడ పక్కన నిలబడి "కొట్టు, కొట్టు" అని అరవొద్దు, దయచేసి.

ఇప్పటికే తప్పు చోట చేరిపోయి, ఏడాది ఫీజు మొత్తం కట్టేసి, ఎలా మానిపించాలి అని టెన్షన్ పడుతున్నవాళ్లు ఈ హాల్లో కూడా ఉంటారు. డబ్బు తిరిగి అడగండి, ఇస్తే తీసుకోండి. ఇవ్వకపోయినా రేపటి నుంచి పిల్లని పంపకండి. వేరేచోట వైట్ బెల్ట్ నుంచి మొదలుపెట్టమంటే పెట్టించండి. ఇక్కడ కార్యక్రమం అయ్యాక అరగంట ఉంటాను, ఎవరికైనా ఏ సెంటర్ గురించైనా సందేహం ఉంటే, ఏం అడగాలో ఎలా అడగాలో తెలియకపోతే, నా దగ్గరికి రండి, కలిసి మాట్లాడుకుందాం. నమస్కారం.