పొయ్యి ఊదితే తల ఎందుకు తిరుగుతుంది?

మేనకోడలు: నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి మా మావయ్యని లాక్కొచ్చి కూర్చోబెట్టాను. బరంపురంలో చాలా ఏళ్లు డాక్టరీ పిల్లలకి ఫిజియాలజీ చెప్పారు. మావయ్యా, నిన్న మా పక్కింటి ఒడియా పిన్ని తడి కట్టెలు పెట్టి, గొట్టంతో ఊదీ ఊదీ, చివరికి గోడ పట్టుకుని "ముండొ బులౌచి" అంది.

మావయ్య: (నవ్వు) తల తిరుగుతోందని. కొత్తగా విన్న మనవాళ్లు తిట్టిందనుకుంటారు!

మేనకోడలు: పొగకి ఊపిరాడలేదేమో అనుకున్నాను.

మావయ్య: పొగా ఉంటుందిలే. కానీ అసలు సంగతి, గాలి తక్కువై కాదమ్మా, ఎక్కువై. గబగబా ఊదుతుంటే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. మెదడు రక్తనాళాలు చూసుకునేది ముఖ్యంగా దాన్నే. అది తగ్గితే ముడుచుకుంటాయి. రక్తంలో దాని పీడనం, బీపీ కొలిచే మిల్లీమీటర్ల లెక్కలోనే, మామూలుగా 40 ఉంటుంది. 30కి దిగిందా, మెదడుకి వెళ్లే రక్తం మూడో వంతు దాకా తగ్గిపోతుంది.

మేనకోడలు: ఆక్సిజన్ నిండుగా ఉన్నా?

మావయ్య: ఉన్నా సరే. నాళమే సన్నబడితే అందేదెలా?

మేనకోడలు: మరి బీపీ పెరిగితే రక్తం ఎక్కువ వెళ్లిపోదా?

మావయ్య: మెదడు వెళ్లనివ్వదు. ఒంటి బరువులో అది 2 శాతమే, గుండె తోసే రక్తంలో మాత్రం 15 శాతం దానికే. నిమిషానికి ముప్పావు లీటరు. పైగా పుర్రె గట్టి డబ్బా, ఉబ్బడానికి చోటు లేదు. అందుకని బీపీ పెరిగితే చిన్న ధమనుల గోడల్లో కండరం బిగుసుకుంటుంది, తగ్గితే వదులవుతుంది. బీపీ సగటు 60 నుంచి 150 దాకా ఎంతున్నా రక్తం ఒకే తీరుగా వెళ్తుందని, లాసెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1959లో ఇచ్చిన గ్రాఫు నేనూ బోర్డు మీద గీసేవాణ్ణి. ఇప్పుడైతే అంత చదునుగా గీయను. ఆ చదును మేర బాగా తక్కువని తర్వాతి కొలతల్లో తేలింది.

మేనకోడలు: అమ్మమ్మ చాప మీంచి లేవగానే గుమ్మం పట్టుకుంటుంది కదా?

మావయ్య: లేవగానే బీపీ పడుతుంది. నాళాలు సర్దుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి, ఆలోపే కళ్లు చీకట్లు కమ్ముతాయి. పాత బీపీ వాళ్లకి మెదడు ఇలా సర్దుకోగల బీపీ హద్దులే పైకి జరిగి ఉంటాయి. అందుకే ఏళ్లనాటి బీపీని మామూలుగా ఒక్కరోజులో దింపరు. మాత్ర మర్చిపోయానని మీ అమ్మమ్మ మర్నాడు రెండు వేసుకుంది, గుర్తుందా?

మేనకోడలు: బావి గట్టు మీద కూలబడిపోయింది!

మావయ్య: ఆఁ, అదే. పిన్నికి చెప్పు, ఆగి ఆగి ఊదమని.

మేనకోడలు: ఆవిడ ఆగే రకం కాదు మావయ్యా. కట్టెలు ఎండబెట్టుకోమంటాను.