ఆర్ట్ హిస్టరీ చదివితే ఏం పని వస్తుంది? అలంపూర్ గుడి చూపించి చెప్తా

నమస్తే. ఆర్ట్ హిస్టరీలో డిగ్రీ చేస్తానని ఇంట్లో చెప్పగానే వచ్చే మొదటి ప్రశ్న, "బొమ్మలు గీస్తవా?" రెండోది, "గీస్తే ఎవరు కొంటరు?" ఇంటర్ అయిపోయిన పిల్లలు ఈ ప్రశ్నలకు జవాబు లేక ఆగిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. బొమ్మలు గీయడానికి వేరే కోర్సు ఉంది. ఇక్కడ నేర్పేది చూడటం, చూసింది మాటల్లో పెట్టడం, అన్నమాటకు సాక్ష్యం చూపించడం.

పెబ్బేరు సంతకు పోయినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఎద్దును కొనే రైతు ముందుగా ధర అడగడు. వయసు తెలియడానికి మూతి పట్టుకుని పళ్లు చూస్తాడు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరు పళ్లదా? తర్వాత నాలుగడుగులు నడిపిస్తాడు. "ఏ ఊరిది, ఎవరి కొట్టంల పెరిగింది?" అంటాడు. బేరం ఆ తర్వాతే. ఆర్ట్ హిస్టరీ డిగ్రీలో వరస అచ్చం ఇదే. ఎద్దు బదులు గుడో, శిల్పమో, పటమో ఉంటుంది.

ముందు పళ్లు చూద్దాం.

(తెర మీద: ఎడమ వైపు అలంపూర్ స్వర్గబ్రహ్మ ఆలయ శిఖరం, కుడి వైపు పాపనాశి ఆలయం పైభాగం)

ఎడమ వైపు శిఖరం నిలువుగా లేచి, పైకి పోయేకొద్దీ లోపలికి ఒంగుతుంది. దాని మీద చుట్టూ గాళ్లు కోసిన గుండ్రటి రాయి, ఆమలకం. కుడి వైపు ఆ వంపే లేదు. రాతి వరసలు మెట్లు మెట్లుగా పేర్చినట్టు చిన్నవవుతూ పోతాయి. రెండు చోట్లా శివుడే, రెండూ ఒక్క పూటలో చూసి రావొచ్చు. కానీ మొదటిది బాదామి చాళుక్యుల నాటిది, 7, 8 శతాబ్దాల పని. రెండోది ఆ తర్వాతి కాలానిది. "పాత గుడి" అని దండం పెట్టుకుని వచ్చేస్తే ఈ తేడా కంటికి ఆనదు. మొదటి సంవత్సరమంతా ఈ పనే ఉంటుంది: శిఖరం, స్తంభం, ద్వారబంధం విడివిడిగా చూసి పేరు పెట్టడం. కొందరికి విసుగొస్తుంది. దయచేసి ఇక్కడ మాత్రం వదిలేయకండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

ఇక నడిపించి చూడటం, అంటే పోల్చడం. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయానికి 1208 నాటి శాసనం ఉంది. అంటే ఆ స్తంభాల నునుపుకు, ఆ చెక్కడానికి ఒక తారీఖు దొరికినట్టే. శాసనం లేని గుడి ఎదురైతే, తారీఖు తెలిసిన గుడి పక్కన పెట్టి చూడాలి. ఏది కలుస్తోంది, ఏది కలవడం లేదు, ఎందుకు?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న మూడోది: ఏ ఊరిది? అలంపూర్‌లో సంగమేశ్వరాలయం ఉంది కదా, మరి దాని దగ్గర సంగమం ఏది? అది కూడవెల్లిలో, కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉన్న గుడి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోకుండా విప్పి తెచ్చి, ఇక్కడ మళ్లీ కట్టారు. ఒక్క నిమిషం ఆలోచించండి. ఏ రాయి ఏ వరసలో ఉండేదో రాసిపెట్టుకోకపోతే, కొలతలూ డ్రాయింగులూ లేకపోతే, విప్పిన గుడి రాళ్లకుప్పగా మిగిలిపోతుంది! ఆ రాసిపెట్టడాన్నే డాక్యుమెంటేషన్ అంటారు. అది ఉద్యోగం, జీతం వచ్చే పని.

మన ఫణిగిరి బౌద్ధ తోరణం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లింది. అలాంటి వస్తువు ఊరు దాటాలంటే ఎక్కడ పగులుంది, ఎక్కడ పెచ్చు లేచిందని ముందే రాసుకోవాలి, పెట్టె తెరిచాక మళ్లీ సరిచూసుకోవాలి. కండిషన్ రిపోర్ట్ అంటారు. పళ్లు చూసే కన్ను ఉన్నవాళ్లే అది రాయగలరు.

ఇప్పుడు బేరం, అంటే రాత. నల్లగొండ పక్కన పానగల్ మ్యూజియానికి వెళ్లండి. ఒక్క శిల్పం ముందు అరగంట నిలబడండి, ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. తర్వాత అరవై మాటల్లో లేబుల్, అంటే వస్తువు పక్కన పెట్టే పరిచయ చీటీ, రాయండి. "అద్భుత శిల్పకళకు నిలువెత్తు నిదర్శనం" అని రాస్తే కొట్టేయండి, అది ఏ రాయికైనా అతుకుతుంది. చేతిలో ఏముంది, బరువు ఏ కాలి మీద ఉంది, ఏ భాగం విరిగింది, ఎక్కడ దొరికింది, అవి రాయండి. అరవై మాటల్లో ఇవన్నీ ఇమడ్చడం చాలా కష్టం. వారానికొకటి రాస్తే డిగ్రీ అయ్యేసరికి చేతిలో గట్టి ఫైలు ఉంటుంది.

టైం తక్కువుంది, మిగతాది గబగబా చెప్తా. మన జిల్లాల్లో బి.ఏ. హిస్టరీ చేసేవాళ్లు కూడా ఈ దారిలోకి రావచ్చు. డిగ్రీలోనే ఆర్ట్ హిస్టరీ కావాలంటే బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ ఉంది. పీజీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జె.ఎన్.యు., నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్. పీజీ అని ఎందుకంటున్నానంటే, ఒట్టి డిగ్రీతో క్యూరేటర్ పోస్టు, అంటే మ్యూజియం వస్తువుల బాధ్యత చూసే ఉద్యోగం, ఆశించడం సరికాదు, ఆ మాట మీకు ముందే చెప్పాలి. డిగ్రీతో గ్యాలరీ, ఆర్కైవ్, వేలం సంస్థల క్యాటలాగ్ పని, పుస్తక ప్రచురణ, టూరిజం వైపు ప్రయత్నించొచ్చు. ఎక్సెల్ నేర్చుకోండి, వస్తువుల రిజిస్టరు నడపడానికి పనికొస్తుంది. పాత తెలుగు, కన్నడ లిపి కొంచెం చదవడం వస్తే ఈ ప్రాంతపు శాసనాల దగ్గర మీకు మంచి విలువ ఉంటుంది. 1972 పురావస్తువుల చట్టం ఒకసారి చదవండి. ఫొటో తీసేముందు అనుమతి అడగండి.

రెండో సంవత్సరం సెలవుల్లోనే ఏదైనా మ్యూజియానికి ఇన్‌టర్న్‌షిప్ కోసం లెటర్ పెట్టండి. మార్కుల మెమో జిరాక్సుతో పాటు మీరు రాసిన లేబుళ్లలో మంచివి రెండు జతచేయండి, ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లిష్‌లో.