ఆ పసుపు జబ్బు కాదండీ! బంగారు ఆకుల ఓక్‌లీఫ్ హైడ్రాంజియా

[ఆకు బాగా దగ్గరగా. ఈనెలు స్పష్టంగా కనపడాలి.]

ఈ ఆకు చూశారా, మొత్తం పసుపే. ఇది చూడగానే "అయ్యో, ఐరన్ తగ్గింది, ఏదైనా మందు వేయండి" అంటారు. దయచేసి వేయకండి. ఇది 'లిటిల్ హనీ', ఓక్ చెట్టు ఆకులాంటి ఆకులుండే ఓక్‌లీఫ్ హైడ్రాంజియా అనే పూలపొదలో ఒక రకం. 'పీ వీ' అనే పొట్టి రకంలో ఒక కొమ్మ పసుపు ఆకులతో రావడంతో దాన్ని విడదీసి పెంచిన మొక్క. దీని పుట్టుకే ఈ రంగు. బాగున్న మొక్కకి వైద్యం చేసి చంపుకోవడం చూస్తే నిజంగా బాధేస్తుంది.

[పక్కన ఇంకో ఆకు పెట్టాలి: ఐరన్ లోపం ఉన్నది.]

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. ఐరన్ అందని ఆకులో ఈనెలు ఆకుపచ్చగానే ఉంటాయి, వాటి మధ్య భాగమే పాలిపోతుంది. పసుపు గుడ్డ మీద పచ్చ దారంతో వల అల్లినట్టు ఉంటుంది. లిటిల్ హనీలో ఆ వల ఉండదు. వసంతంలో వచ్చే చిగురు అంతా ఒకే పసుపు, ఎండాకాలానికి ఆకు మొత్తం నిమ్మపచ్చలోకి తిరుగుతుంది, ఆకులు రాలే ముందు ఎర్రబడుతుంది. వల కనపడితేనే మట్టి పీహెచ్ (మట్టి ఎంత ఆమ్లంగా, ఎంత క్షారంగా ఉందో చెప్పే అంకె) చూడండి. 5 నుంచి 6.5 మధ్య ఉంటే దీనికి హాయి. 7 దాటితే మట్టిలో ఐరన్ ఉన్నా వేరు సరిగా తీసుకోలేదు.

సరే, ఆకు పసుపుగా ఉంటే మొక్కకి ఏమవుతుంది? ఆకుని వంటిల్లు అనుకోండి. ఆకుకి ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితం పొయ్యి, వెలుతురు కట్టెలు. మామూలు హైడ్రాంజియా ఇంట్లో పెద్ద పొయ్యిలు చాలా ఉంటాయి. లిటిల్ హనీ ఇంట్లో ఉన్నది చిన్న పొయ్యి. వంట తక్కువ, అందుకే పెరుగుదల నెమ్మది. ఎత్తు 90 నుంచి 120 సెంటీమీటర్లు, అదీ కొన్నేళ్లకి. తొందరపెడితే లాభం లేదు.

మధ్యాహ్నపు ఎండలో పెడితే చిన్న పొయ్యిలో బండెడు కట్టెలు కూరినట్టే. మిగిలిన వేడి ఆకునే కాలుస్తుంది. అంచులు, ఎండకి ఎదురుగా ఉన్న భాగం గోధుమరంగులో ఎండిపోతే కారణం అదే. పోనీ కటిక నీడలో పెడదామా? అప్పుడు కట్టెలు చాలవని మొక్క పొయ్యిలు పెంచుకుంటుంది. అంటే ఆకు పచ్చబడి, డబ్బు పెట్టి కొన్న రంగు పోతుంది. కాబట్టి ఉదయం 3, 4 గంటల ఎండ, మధ్యాహ్నం నుంచి నీడ. ఇంటికి తూర్పు వైపు దీనికి మంచి చోటు.

ఇక వేర్లు. నిజంగా ఈ మొక్కని చంపేది ఇక్కడే. దీని జాతి అమెరికా ఆగ్నేయ అడవుల్లో, పెద్ద చెట్ల కింద, వాగుల పక్క వాలుల్లో పెరుగుతుంది. అలబామా 1999లో దీన్ని రాష్ట్ర అడవిపువ్వుగా ప్రకటించింది కూడా. తేమ కావాలి, కానీ నీళ్లు నిలవకూడదు.

నాటే ముందు ఒక పరీక్ష. 30 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి నీళ్లతో నింపండి. ఆ నీళ్లు ఇంకిపోయాక మళ్లీ నింపి గంటకి ఎంత తగ్గిందో కొలవండి. 2.5 సెంటీమీటర్లు కూడా తగ్గకపోతే అక్కడ నాటొద్దు, లేదా 25, 30 సెంటీమీటర్ల ఎత్తున గట్టు పోసి దాని మీద నాటండి. గుంట వెడల్పు కుండీకి రెండింతలు, లోతు మాత్రం కుండీ అంతే. వేర్లతో ఉన్న మట్టిముద్ద పైభాగం నేలకన్నా 2, 3 సెంటీమీటర్లు పైకి ఉండాలి. బంకమట్టిలో గుంట నిండా కంపోస్ట్ ఒక్కటే పోయకండి, అది గిన్నెలా నీళ్లు పట్టేస్తుంది. తవ్వి తీసిన మట్టినే తిరిగి పోసి, పైన 5 నుంచి 7 సెంటీమీటర్ల మల్చ్ (ఎండుటాకులు, బెరడు ముక్కల లాంటి కప్పు) పరచండి. కాండానికి తగలనివ్వొద్దు.

[వాడిన మొక్క. కెమెరా మట్టి మీదికి.]

ఇది గుర్తు పెట్టుకోండి. మొక్క వాలిపోతే వెంటనే నీళ్ల డబ్బా తీయకండి. ముందు వేలు 5 సెంటీమీటర్లు దింపి చూడండి. పొడిగా ఉంటే పోయండి. తడిగా ఉన్నా వాలిందంటే వేరు కుళ్లుతూ ఉండొచ్చు. మట్టి తీసి చూడండి: కుళ్లిన వేరు నల్లగా, మెత్తగా ఉంటుంది, వేలితో లాగితే పైతోలు ఊడి లోపలి దారం మిగులుతుంది. అప్పుడు ఇంకా నీళ్లు పోయడమంటే మునుగుతున్నవాణ్ణి ఇంకా ముంచడమే.

ఎరువు: వసంతంలో ఒకసారి, నెమ్మదిగా కరిగే రకం, ప్యాకెట్ మీద రాసినదాంట్లో సగం. నైట్రోజన్ ఎక్కువైతే పొయ్యిలు పెరిగి ఆకు పచ్చబడుతుంది, కొమ్మ మెత్తబడుతుంది.

పూర్తి పచ్చ ఆకులతో ఒక కొమ్మ బయల్దేరితే దాన్ని పుట్టిన చోటికే కోసేయండి. పెద్ద పొయ్యి ఉన్న ఆ ఒక్క కొమ్మా వేగంగా ఎదిగి మిగతా మొక్కని కప్పేస్తుంది.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా. పోయిన ఏటి కొమ్మ మీదే పూలు వస్తాయి, మొగ్గ ఎండాకాలం చివర్లోనే పడుతుంది. కత్తిరిస్తే పూలు వాడగానే కత్తిరించండి. శీతాకాలంలో కోస్తే వచ్చే ఏడు పూలే ఉండవు. పూలు తెల్లగా వచ్చి క్రమంగా గులాబీ రంగుకి తిరుగుతాయి. వేరే హైడ్రాంజియాలకి వేసినట్టు నీలం పూల కోసం అల్యూమినియం సల్ఫేట్ వేస్తే డబ్బు దండగ, ఈ జాతి నీలం పూయదు. విత్తనంతో ఈ బంగారు రంగు వస్తుందన్న నమ్మకం లేదు. కొత్త మొక్క కావాలంటే కింది కొమ్మని వంచి, ఒక కణుపు మట్టిలో పూడ్చి, రాయి పెట్టి ఏడాది వదిలేస్తే వేరు పడుతుంది. ఆకు, మొగ్గ తింటే విషం, పెంపుడు జంతువుల్ని దూరంగా ఉంచండి.

చలికాలం పోయాక కొమ్మ ఎండినట్టు కనిపిస్తే గోటితో కొంచెం గీరండి. పైన దాల్చినచెక్క రంగు బెరడు పొరలుగా ఊడటం మామూలే. దాని కింద పచ్చగా ఉంటే ప్రాణముంది, కోయకుండా చిగురు వేసేదాకా ఆగండి.